గింజ మీది డేట్

ఆగస్టు నెల వచ్చిందంటే, పొద్దున ఆరింటికి కుళ్లాయప్ప గొర్రెల దొడ్డి తడిక తీసే వేళకు కంచె అవతల పదిమంది దాకా నిలబడి ఉండేవాళ్లు. వాళ్లను చూసి అతను తొందరపడేవాడు కాదు. ముందు గొర్రెలను లెక్కపెట్టుకోవాలి. కుంటేదాన్ని, దగ్గేదాన్ని పక్కకు తీయాలి. పిల్లలను తల్లుల దగ్గరికి విడిచి, తొట్టిలో నీళ్లు నింపి, చేతులు కడుక్కొని, అప్పుడు ఖర్జూరపు చెట్టు దగ్గరికి పోయేవాడు. చెట్టు ఇంకా పొట్టిదే. గెలలు చేతికందేవి. మనిషికొక పండు కోసి ఇచ్చేవాడు. దుడ్లు తీసుకునేవాడు కాదు.

వచ్చినవాళ్లు అక్కడే పండు తిని, గింజను అరచేతిలోకి ఊసి, పైగుడ్డతో తుడిచి ఎండకు పట్టి చూసుకునేవాళ్లు. గింజకు ఒక పక్క గాడి ఉంటుంది, అన్ని ఖర్జూరపు గింజలకూ ఉన్నట్టే. రెండో పక్క సన్నగా, చీమ నడిచినట్టు, దినమూ నెలా సంవత్సరమూ ఉండేవి. చదువుకొని, గింజను కొంగున ముడేసుకొనో జేబులో వేసుకొనో పోయేవాళ్లు. ఎవరి గింజ మీది డేట్ వాళ్లది. ఆ దినం వాళ్లకు ఏదో ఒకటి అందుతుంది. ఏం అందుతుందో గింజ చెప్పదు. మనిషి జన్మకు ఒకటే డేట్. ఆశపడి రెండో పండు తింటే గింజ నున్నగా ఉట్టిదే వస్తుంది.

సింహాద్రిపురం నుంచి నాలుగు మైళ్లు లోపలికి ఉండే కొత్తకొట్టాలలో ఈ సంగతి అందరికీ తెలుసు. బోరులో నీళ్లు పడినాయా లేదా, చీనీకాయల రేటు ఎంత, అన్నట్టే దీన్నీ మాట్లాడుకునేవాళ్లు. ఓబులేసు తాతకు గింజ మీద డేట్ రాంగానే అది తన చావుదినమే అని తీర్మానించుకున్నాడు. ఆ పొద్దుకు కూతుర్లను పిలిపించుకొని, తెల్లపంచె కట్టుకొని, మంచం వాకిట్లోకి వేయించుకొని పడుకున్నాడు. మధ్యాహ్నం మూడింటికి ఆశా కార్యకర్త వచ్చి, ఉచిత కంటి శిబిరంలో ఎప్పుడో రాయించుకున్న అద్దాలు చేతికిచ్చి సంతకం పెట్టమనింది. తాత ఆమెను తిట్టి, అద్దాలు పెట్టుకొని, ఇప్పటికీ బతికే ఉన్నాడు. బస్సు కండక్టరు జయచంద్ర తన డేట్ ట్రాన్స్‌ఫర్ ఆర్డరుదే అనుకొని స్వీట్లు తెచ్చిపెట్టుకున్నాడు. ఆ దినం అతని తండ్రి పోయినాడు. దాంతో ఊరు ఊహించడం మానేసింది. తెలుసుకోవడం వరకే మన చేతిలో ఉండేది అనుకున్నారు.

ఆ చెట్టు కుళ్లాయప్ప నాటింది కాదు. అతని భార్య శోభ కువైటుకు పోయిన మరుసటేడు, ప్రొద్దుటూరు మనిషి జరీనా చేత ఒక డబ్బా ఖర్జూరాలు పంపింది. జరీనా కూడా అక్కడే ఇండ్లలో పని చేసేది. అప్పుడు బిడ్డ లహరికి తొమ్మిదేండ్లు. తండ్రీ బిడ్డా దొడ్డి పక్కన కూర్చొని డబ్బాలో సగం తిని గింజలు విసిరేసినారు. తొట్టి నీళ్లు పొర్లేచోట ఒకటి మొలిచింది. ముండ్లను చూసి ఈతచెట్టు అనుకొని మూడేండ్లు ఎవరూ పట్టించుకోలేదు. మధ్యలో శోభ రెండు నెలల సెలవులో వచ్చినప్పుడు దానికి పాదు చేసి నీళ్లు పోసింది. అయిదో ఏట కాసింది.

శోభ పోవడానికి కారణం గొర్రెలు. నీలినాలుక రోగం వచ్చి, పదిదినాలలో మంద సగానికి పైగా పోయింది. తక్కినవాటిని బతికించుకోవాలంటే ఎవరో ఒకరు బయటికి పోవాలి. మొగవాళ్లకు వీసా దొరకడం కష్టమనీ, ఆడవాళ్లయితే నెలలోపలే పంపిస్తాననీ జమ్మలమడుగు ఏజెంటు అన్నాడు. శోభ పోతానంది. కుళ్లాయప్ప వద్దనలేదు. వద్దని ఉంటే ఏం చేసి ఉండేవాడో అతనికి ఇప్పటికీ తెలీదు.

చదువు అయిదో తరగతితో ఆగిపోయిన కుళ్లాయప్పకు ఇంగ్లీషులో ఒక్క మాట మాత్రం అప్పటినుంచి బాగా వంటబట్టింది. మెడికల్‌కు డేట్ ఇచ్చినారు. పాస్‌పోర్టు మీద పుట్టిన డేట్ తప్పు పడింది. టికెట్ డేట్ మారింది. అక్కడ ఉండనిచ్చే కాగితం అకామాకు రెండేండ్లకు డేట్ అయిపోతుంది, మల్లా కొట్టించాల. మొదటి ఇల్లు వదిలి శోభ రెండో ఇంటికి మారినాక, ఆ ఇంటి యజమాని కఫీల్ పాస్‌పోర్టు తీసి బీరువాలో పెట్టుకొని, ఇంటికి పోయే డేట్ తర్వాత చెప్తానన్నాడు. అడిగినప్పుడల్లా డేట్ చెప్పలేదనేది శోభ. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం పది నిమిషాలు ఫోన్ ఇచ్చేవాళ్లు. ఆ పది నిమిషాల్లో ఆ మాట నాలుగైదు సార్లు వచ్చేది.

లహరి పెద్దమనిషి అయినప్పుడు శోభ లేదు. చిన్నసుబ్బమ్మ అని ఎదురింటి ముసలామె అన్నీ చూసింది. ఆ శుక్రవారం శోభ ఫోన్లో ఏడవలేదు. గొంతు తగ్గించి, "మల్లా డేట్ ఎప్పుడొస్తాదో క్యాలెండరు మీద గుర్తు పెట్టుకోమని చెప్పు మామా" అనింది. ఆ మాట బిడ్డకు ఎట్ల చెప్పాలో కుళ్లాయప్పకు తెలీలేదు. క్యాలెండరు తీసుకుపోయి లహరి పుస్తకాల పక్కన మేకుకు తగిలించి, పెన్సిలు దారంతో కట్టి, మందను తోలుకొని వెళ్లిపోయినాడు. సాయంత్రం వచ్చి చూస్తే ఒక గడిలో చిన్న చుక్క ఉంది. ఆ చుక్కను చూసి చాలాసేపు అక్కడే నిలబడినాడు.

చెట్టు కాసిన మొదటి ఏడు కుళ్లాయప్ప కూడా ఒక పండు తిన్నాడు. గింజ మీద 4-2-2022 అని ఉంది. శోభ ఆ దినం వస్తుందని అతని మనసులో పడిపోయింది. ఊరంతా ఊహించొద్దని చెప్పుకుంటున్నా, అతను జనవరిలో ఇంటికి సున్నం కొట్టించినాడు. చివరికి ఆ దినం శుక్రవారం అయింది. ఎప్పటిలాగే మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. బియ్యంలో పురుగు పడుతోందని అతను చెప్తే, ఎండు వేపాకు వేసి మూటకట్టమని ఆమె చెప్పింది. లహరికి జుట్టు రాలుతోందా అని అడిగింది. అంతే. ఇంకేం అందలేదే అని ఆ సాయంత్రం కుళ్లాయప్ప గింజను తిప్పితిప్పి చూసినాడు.

తరువాతి శుక్రవారం ఫోన్ రాలేదు. ఆ పై శుక్రవారమూ రాలేదు. తనకు అందింది ఏమిటో కుళ్లాయప్పకు నెలరోజులు పోయినాక తెలిసింది. అది ఆఖరి ఫోను. తెలిసి ఉంటే బియ్యం పురుగుల సంగతి ఎత్తేవాడా అని అతను ఎన్నిసార్లు అనుకున్నాడో లెక్కలేదు.

జమ్మలమడుగుకు పోయినాడు. ఏజెంటు టీ తెప్పించి, కనుక్కుంటాననీ, వచ్చే వారం ఏదో ఒక డేట్ చెప్తాననీ అన్నాడు. వారం వారం అదే టీ, అదే మాట. నాలుగో నెలలో పోతే ఆ గదిలో ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. ఏజెంటు ఎక్కడికి పోయినాడో పక్క అంగడివాళ్లకు తెలీదు. పులివెందులలో ఒక ఆఫీసులో అర్జీ పెట్టినాడు. అక్కడి గుమాస్తా మంచివాడే. కూర్చోమని, మంచినీళ్లు ఇచ్చి, కాగితం మీద ముద్ర వేసి, ముద్ర మధ్యలో డేట్ పడిందో లేదో చూసి మరీ రసీదు ఇచ్చినాడు. తన చేతిలో ఉన్నది అంతవరకేనని చెప్పినాడు. కుళ్లాయప్ప అతని మీద కోపం తెచ్చుకోవాలని చూసి, తెచ్చుకోలేక తిరిగొచ్చినాడు.

ఈలోగా పండ్ల కాలం వచ్చింది. కంచె అవతల జనం నిలబడినారు. ఊరందరి డేట్లూ తన చేతి మీదుగా పోతున్నాయి. శోభ డేట్ మాత్రం రెండు వేల మైళ్ల అవతల ఉంది. ఒకరి బదులు ఇంకొకరు తింటే కుదరదు. లహరి అమ్మ పేరు చెప్పుకొని తిని చూసింది. ఆ గింజ మీద లహరి డేటే వచ్చింది. ఎప్పటిదో తండ్రికి చూపించకుండా దాచుకుంది.

జైబున్నీసా టీచరమ్మ గురించి చెప్పింది జయచంద్ర. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వెనకవీధిలో ఉంటుందనీ, ముప్పై ఒక్క సంవత్సరాలు ఆడపిల్లల హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయిందనీ, గల్ఫుకు పోయినవాళ్ల ఇండ్లకు అర్జీలు ఊరకే రాసిస్తుందనీ చెప్పినాడు. కుళ్లాయప్ప ఒక ఆదివారం లహరిని తోడు తీసుకొని, తుండుగుడ్డలో పది పండ్లు కట్టుకొని పోయినాడు.

టీచరమ్మ బక్కపలచని మనిషి, డెబ్బై దాటినాయి. మాట మాత్రం క్లాసులో వెనక బెంచీకి వినపడేటట్టు ఉంటుంది. అంతా విని, తెల్లకాగితం మీద రాసింది. పేరు, పాస్‌పోర్టు నంబరు, పోయిన డేట్, చివరగా మాట్లాడిన డేట్. రాసేటప్పుడు ప్రతిసారీ ఆ మాటను పైకి పలికింది. కుళ్లాయప్ప ఆగలేక అడిగినాడు.

"ఈ పండుకూ అదే పేరంట గదా టీచరమ్మా ఇంగ్లీషులో. మా బిడ్డ చెప్పింది. దినానికీ పండుకూ ఒకటే పేరు ఎట్ల పెట్టినారు?"

టీచరమ్మ పెన్ను కింద పెట్టింది. ఆ ప్రశ్న అడిగేవాళ్లు లేక చాలా ఏండ్లయినట్టుంది, ముఖం వెలిగింది.

"పెట్టలేదప్పా. మీ ఊళ్లో ఇద్దరు కుళ్లాయప్పలుంటే ఇద్దరికీ ఒక తల్లే ఉంటాదా? ఇదీ అంతే. పండు పేరు గ్రీకు దేశంనుంచి వచ్చింది. వాళ్ల భాషలో అది వేలు. పండు వేలి మాదిరి ఉంటాదని అట్ల అన్నారంటారు. దినం పేరు రోము నుంచి వచ్చింది. ఆ కాలంలో ఉత్తరం రాస్తే కింద, ఈ ఊళ్లో ఈ దినం ఇయ్యబడింది అని రాసేవాళ్లు. ఇయ్యబడింది అనే ముక్క ఒకటే మిగిలి, దినానికి పేరయింది. రెండూ యాడెక్కడో పుట్టి, తిరిగి తిరిగి ఒకే రూపానికి వచ్చినాయి."

లహరి తలొంచుకొని, ఇంకోటి కూడా ఉంది కదా మేడమ్ అనింది. ఉందని టీచరమ్మ నవ్వింది. ఒక ఆడమనిషి, ఒక మొగమనిషి ఒక పొద్దు అనుకొని కలుసుకుంటే దాన్నీ అదే అంటారని, అది దినంలోంచి పుట్టిన పిల్లమాటనీ చెప్పింది. కుళ్లాయప్పకు ఆ మూడోది పెద్దగా పట్టలేదు. అతను మొదటి రెండింటి దగ్గరే ఆగిపోయినాడు. వేలు. ఇయ్యబడింది. వేలు చూపిస్తుంది, ఏం ఇస్తారో చెప్పదు. తన చెట్టు చేసేది అదే.

పండు తినమని ఇస్తే టీచరమ్మ తీసుకోలేదు. "నాకెందుకప్పా. ఈ వయసులో నాకు ఇచ్చేదేముంది, తీసుకుపోయేదే" అనింది. అర్జీ కింద డేట్ వేసి, సంతకం చోట అతని బొటనవేలు పట్టుకొని తానే సిరా పూసింది. సంతకం పెట్టడం తనకు వచ్చని చెప్పడానికి కుళ్లాయప్పకు సిగ్గేసింది. ఆ మొదటి అర్జీ ఎంబసీకి పోయింది. తరువాత ఏడాదిన్నరలో ఆమె ఇంకా పది రాసింది.

మరుసటేడు ఆగస్టులో జరీనా సెలవు మీద ప్రొద్దుటూరు వచ్చింది. కుళ్లాయప్ప పోయి కలిస్తే, ఈ మధ్యనే శోభ ఉండే వీధికి మారి, మూడిండ్ల అవతల పనిచేస్తున్నానని చెప్పింది. శోభ బతికే ఉంది. ఆ మాటను కుళ్లాయప్ప రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఫోన్ లాక్కున్నారనీ, జీతం సంగతి దేవుడికెరుకనీ, పొద్దున చెత్త వేయడానికి గేటు బయటికి వస్తుందనీ, అప్పుడు కూడా వాకిట్లో ముసలామె కుర్చీ వేసుకొని చూస్తూ ఉంటుందనీ, పలకరిస్తే లోపలికి లాక్కుపోతారనీ జరీనా చెప్పింది. కుళ్లాయప్ప వేరే ఏదీ అడగలేదు. ఒక పండు శోభ నోటికి చేర్చమన్నాడు. కువైటుకు ఖర్జూరం మోసుకుపోవడం ఏమిటని జరీనా నవ్వలేదు. ఆమె గింజ ఆమె దగ్గరుంది. దాని మీది దినమే ఆమెకు మనమడు పుట్టినాడు.

సెప్టెంబరు రెండో వారంలో జరీనా వాయిస్ మెసేజీ వచ్చింది. లహరి హాస్టల్లో ఉంది. కుళ్లాయప్ప ఒక్కడే చీనీతోట గట్టు మీద నిలబడి విన్నాడు.

జరీనా పండును వెండిరంగు కాగితంలో చుట్టి, చెత్తడబ్బా కింద పెట్టి, ఫోన్లో ఎవరితోనో మాట్లాడుతున్నట్టు వీధిలో నడుస్తూ తెలుగులో గట్టిగా చెప్పిందంట, శోభక్కా, డబ్బా కింద మీ ఇంటి చెట్టు పండు ఉంది, తిని గింజ చూసుకో అని. ముసలామెకు అర్థం కాలేదు. ఆ సాయంత్రం శోభ మేడ మీద కిటికీలో కనిపించింది. చేతులు పైకెత్తింది. రెండు చేతుల వేళ్లన్నీ చూపి, మళ్లీ ఆరు చూపింది. కాసేపాగి, పది చూపి, ఒకటి చూపింది. మళ్లీ ఆగి, రెండు వేళ్లు. పిడికిలి. రెండు వేళ్లు. అంతలో వెనకనుంచి ఎవరో తెర లాగేసినారు.

"పదహారు, పదకొండో నెల, రెండువేల ఇరవై ఏదో అన్నా. ఆఖరి అంకె చూడలేకపోయినా. మరుసటి దినం పోతే ఆ కిటికీకి అట్టలు అంటించినారు. నన్ను మాఫ్ చెయ్యన్నా" అని మెసేజీ ఆగిపోయింది.

కుళ్లాయప్ప దాన్ని ఎనిమిదిసార్లు విన్నాడు. నవంబరు పదహారు. ఈ ఏడా, వచ్చే ఏడా, ఇరవై తొమ్మిదా? ఆ దినం ఆమెకు అందేది టికెట్టా? తెల్లగుడ్డా? టీచరమ్మకు ఫోన్ చేస్తే ఆమె ఆ అంకెలు కాగితం మీద రాసుకుంది. తరువాత, ఇంకొక అర్జీ రాస్తానంది.

ఆ నవంబరు పదహారు గురువారం. లహరి కాలేజీ మాని వచ్చింది. కుళ్లాయప్ప మందను తోలలేదు. ఫోన్ నిండా ఛార్జింగు పెట్టుకొని వాకిట్లో కూర్చున్నాడు. చిన్నసుబ్బమ్మ సంగటిలో నెయ్యి వేసి తెచ్చిపెడితే పక్కన పెట్టినాడు. పదింటికి ఒక ఫోన్ వచ్చింది, గొర్రెపిల్లలు అమ్ముతావా అని. నాలుగింటికి ఇంకోటి వచ్చింది, ఏదో లోను కావాలా అని. పొద్దు గూకింది. ఏమీ అందలేదు. అమ్మయ్య, చెడ్డది కూడా రాలేదు అని ఒక్క నిమిషం ప్రాణం కుదుటపడింది. మరుక్షణమే ఇంకొక సంవత్సరమా అని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలీలేదు. దొడ్డిలో ఆకలితో అరుస్తున్న గొర్రెలకు పోయి మేత వేసినాడు.

తరువాతి ఏడు అన్నిటికంటే కష్టంగా గడిచింది. జరీనా యజమానులు వేరే పేటకు మారిపోయినారు. ఇంగ శోభను చూసే కన్ను కూడా ఆ వీధిలో లేదు. చెట్టు ఎప్పుడూ లేనంత విరగకాసింది. కుళ్లాయప్ప ఆ ఏడు ఎవరికీ ఒక్క పండు కోసివ్వలేదు. కంచె దగ్గర జనం రెండు దినాలు నిలబడి, మూడో దినం అర్థం చేసుకొని రావడం మానేసినారు. రాలిన పండ్లు గొర్రెలు తిన్నాయి. గొడ్డలి తీసుకొని ఒకసారి చెట్టు దాకా పోయినాడు. నరికితే ఆమె డేట్ పోతుందేమో, నరక్కపోతే ఏమవుతుందో, రెండూ తెలీక గొడ్డలిని పక్కనున్న మొద్దులో దిగ్గొట్టి వచ్చేసినాడు.

ఆ ఏటి నవంబరు పదహారు శనివారం. ఈసారి ఇంట్లో కూర్చోలేదు. కూర్చొని చూసినది చాలని, మందను తోలుకొని మిట్టకు పోయినాడు. పదకొండున్నరకు ఫోన్ మోగింది. నంబరు పొడుగ్గా ఉంది.

"మామా, నేను బయటికొచ్చినా" అనింది శోభ.

కుళ్లాయప్ప ఫోన్‌ను చెవికి అదిమి పట్టుకున్నాడు. రెండేండ్ల తొమ్మిది నెలల తరువాత ఆ గొంతు. కాస్త బొంగురుపోయింది, అంతే. "ఎవురు పంపిచ్చిరి?" అని అడిగినాడు.

"ఎవురూ పంపలేదు. గింజ మీద ఇరవై నాలుగు అని ఉండె. ఈ దినం నాకు ఏదో ఒకటి అందాల గదా. ఆ ఇంట్లోనే ఉంటే వాళ్లు దినామూ ఇచ్చేదే అందుతాది. అందుకని బయటికొచ్చి నిలబడినా."

పద్నాలుగు నెలలు ఆమె ఆ గింజను బుగ్గన పెట్టుకొని తిరిగిందంట. కిటికీకి అంటించిన అట్టకు సూదిమొనంత బెజ్జం చేసి, బస్సు ఎక్కడ ఆగుతుందో, ఎన్ని గంటలకు వస్తుందో నేర్చుకుందంట. గేటు ఆ దినం కొత్తగా తెరిచిందేమీ కాదు. ఎప్పటిలాగే చెత్త కోసం తెరిచింది. ముసలామె కుర్చీలోనే ఉంది. శోభ చెత్తసంచి డబ్బాలో వేసి, లోపలికి తిరక్కుండా నేరుగా నడిచింది. వెనక కేకలు వినపడినాయి. పరిగెత్తితే పడిపోతానని నడిచిందంట. బస్సు వచ్చింది. డ్రైవరు కేరళాయన. ఆమె చెప్పులూ ముఖమూ చూసి, టికెట్ అడక్కుండా ఎంబసీకి దగ్గరి స్టాపులో దింపి, వేలు పెట్టి దావ చూపించినాడు. అక్కడ పేరు చెప్పగానే, ఈ పేరు మీద మా దగ్గర పదకొండు కాగితాలున్నాయి అన్నారంట.

కుళ్లాయప్ప ఆ సాయంత్రమే టీచరమ్మకు చెప్పినాడు. ఆమె కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టిన చప్పుడు ఫోన్లో వినపడింది.

ఆ తరువాత కూడా డేట్ కోసం ఎదురుచూపే. షెల్టరులో ఇంకా వంద మంది ఆడవాళ్లున్నారు. కఫీల్ పాస్‌పోర్టు ఇవ్వలేదు. వేరే కాగితం పుట్టాలి. దానికి వేలిముద్రలు, దానికొక డేట్. అయితే ఈసారి శోభ శుక్రవారమే కాకుండా అనుకున్నప్పుడు ఫోన్ చేసేది. జనవరి ఆఖరున చెన్నైకి టికెట్ ఇచ్చినారు.

ముద్దనూరు స్టేషనులో చెన్నై రైలు పొద్దున ఎనిమిదింటికి ఆగింది. కుళ్లాయప్ప, లహరి ప్లాట్‌ఫారం మీద ఉన్నారు. చివరి పెట్టెలోంచి ఒక ఆడమనిషి గుడ్డసంచి రెండు చేతులతో పట్టుకొని దిగింది. జుట్టు ముప్పావు వంతు నెరిసింది. ఎదురుగా వచ్చిన లహరికి దావ వదిలి పక్కకు జరిగి నిలబడింది. "అమ్మా" అని లహరి అంటే గానీ తలెత్తలేదు. ఎత్తి, తనకంటే పొడుగున్న బిడ్డను చూసి, ఆమె మోచేతిని పట్టుకొని ఎంతకీ వదల్లేదు. కుళ్లాయప్ప సంచి తీసుకున్నాడు. బస్సుంది పోదాంపా అన్నాడు.

అతను గేటు దాటి పది అడుగులు పోయి తిరిగి చూస్తే, శోభ గేటు లోపలే ఆగిపోయి ఉంది. తల వంచుకొని, రెండు చేతులూ కలిపి పట్టుకొని నిలబడింది. అలిసిపోయిందేమో అనుకొని మళ్లీ పిలిచినాడు. పిలిచిన పిలుపుకు గబగబా నాలుగడుగులు వేసి, మళ్లీ ఆగింది. లహరి చెయ్యి పట్టుకుంటే నడిచింది, వదిలితే ఆగింది. ఎవరైనా చెప్తే గానీ కదలడం లేదు.

కుళ్లాయప్పకు అప్పుడు అర్థమైంది. ఏండ్ల తరబడి గుంజకు కట్టేసిన గొర్రెకు తాడు విప్పినా, అది ఆ తాడంత మేరలోనే తిరుగుతుంది. దాన్ని లాగకూడదు. తోలకూడదు. అతను సంచిని వెనక్కి తెచ్చి, స్టేషను లోపలి సిమెంటు బెంచీ మీద పెట్టి, పక్కన కూర్చున్నాడు.

"కూచో. నీకెప్పుడు పోదామనిపిస్తే అప్పుడు పోదాం" అన్నాడు.

శోభ అతని ముఖంలోకి చూసింది. ఆ మాటలో ఏదో మెలిక ఉందేమో అని వెతుకుతున్నట్టు చూసింది. తరువాత బెంచీ చివర కూర్చుంది. పులివెందుల బస్సు పోయింది. లహరి మూడు టీలు తెచ్చింది. పదింటి బస్సు కూడా పోయింది. ఎండ ప్లాట్‌ఫారం మీదికి పాకింది. లహరి ఏదో హాస్టలు సంగతి చెప్తుంటే శోభ మధ్యలో ఒకసారి పెదవులు కదిపింది, నవ్వేమో. గూడ్సుబండి ఒకటి సిమెంటు మూటలతో నెమ్మదిగా సాగిపోయింది. కుళ్లాయప్ప గంట ఎంతయిందని అడగలేదు, గేటు వైపు చూడలేదు.

మధ్యాహ్నం ఒంటిగంట కాబోతుండగా శోభ లేచింది. ఎవరూ లేవమనలేదు. చీర కుచ్చిళ్లు సర్దుకొని, బెంచీ మీది సంచి తానే చంకన పెట్టుకొని, గేటు దాటి రోడ్డు మీదికి నడిచింది. తండ్రీ బిడ్డా ఆమె వెనకాల నడిచినారు.